వెనక్కి తిరగకుండా ‘అది’ అన్న మనిషి

మొన్న క్రేను పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళ శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. పాతకాలపు మనిషిని, రెండు మాటలు చెప్పమన్నారు. నాకంటే ముందు ఒక పెద్దమనిషి తెర మీద బొమ్మలు వేసి చాలాసేపు మాట్లాడాడు. పని దగ్గర ‘ఇది’, ‘అది’, ‘అక్కడ’ అనే మాటలు వాడకూడదట. ప్రతి వస్తువుకూ పేరో నంబరో ఉండాలట, దాన్నే పలకాలట, అలా పలికితే పొరపాటన్నదే జరగదట. పిల్లలందరూ బుద్ధిగా రాసుకున్నారు. ఆయన ముగించి, నీళ్ళు తాగుతూ, ‘అది ఆపెయ్యండి’ అన్నాడు. ఎవరో లేచి ప్రొజెక్టరు కట్టేశారు. ఆయన ఏ పేరూ పలకలేదు, ఏ నంబరూ చెప్పలేదు, పొరపాటూ జరగలేదు. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

నా వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. బరువులెత్తే పనిలోకి వస్తున్న పిల్లల కోసమే రాస్తున్నాను, పెద్దమనుషులు చదివినా నాకేం అభ్యంతరం లేదు.

ఎవరి పేరూ రాయను. కొందరు పోయారు, కొందరు ఉన్నారు, ఎవరికీ ఇబ్బంది వద్దు. సరంగు అంటే మా యార్డులో ఒక్కడే. జతగాడంటే ఎప్పుడూ అతని వెనక ఉండేవాడు. ఈ రెండు పిలుపులతో మీకు మనుషులు తెలిసిపోతారు. వాళ్ళ గుంపుకి అప్పట్లో ‘బావ’ అన్న ఒక్క పిలుపే సరిపోయేది. కేంటీన్లో ఎవరైనా ‘బావా’ అంటే బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళంతా బావలే, అయినా పలకాల్సినవాడే పలికేవాడు. ఎలా అని అప్పుడు నేనూ ఆలోచించలేదు.

తొంభైల నాటి మాట. మల్కాపురం వైపు ఒక ప్రైవేటు కంపెనీ యార్డులో నేను ఫిట్టరుని. రేవులో దిగిన పెద్ద యంత్రాలను మా యార్డుకు తెచ్చి, దించి, సర్ది, ఉక్కు కర్మాగారానికి పంపేవారు. ఎత్తడం, కట్టడం, జరపడం అంతా కళాసీల పని. ఆ గుంపుకి పెద్ద సరంగు. బరువు లాగే వించి యంత్రం నడిపేవాడైనా, బరువు పట్టుకున్నవాడైనా అతని చెయ్యి చూసే కదలాలి. ఎవరైనా ఇంజనీరు మధ్యలో దూరి కేకేస్తే సరంగు చెయ్యి కిందికి దించేసేవాడు. పని ఆగిపోయేది. ఆ ఇంజనీరు పక్కకు పోయాకే చెయ్యి మళ్ళీ లేచేది.

సరంగుది భీమునిపట్నం ఒడ్డున వేటకెళ్ళే కుటుంబం. తండ్రి, అన్నలు తెప్పల మీద పెరిగినవాళ్ళు, ఇతను మాత్రం రేవులోకి వచ్చాడు. జతగాడిది పెందుర్తి అవతల పొలాలున్న ఊరు. నాట్లప్పుడూ కోతలప్పుడూ సెలవు పెట్టేవాడు, మిగతా కాలమంతా తెల్లారే బస్సెక్కి వచ్చేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఒకరినొకరు బావా అనుకోవడం, మధ్యాహ్నం కేరేజీలు విప్పి సగం సగం మార్చుకోవడం, రోజంతా తిట్టుకోవడం, అదీ వాళ్ళ చుట్టరికం. ఇతని కేరేజీలో ఎండుచేపలు, అతనిదాన్లో పొలంగట్టు ఆనపకాయ. ‘నీకు నీళ్ళంటే నూతిలో నీళ్ళే తెలుసు బావ’ అని ఇతను, ‘నీకు మట్టంటే కాళ్ళకంటుకున్నదే తెలుసు’ అని అతను. ఏళ్ళ తరబడి అవే మాటలు, ఏళ్ళ తరబడి అదే నవ్వు.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. బరువు గాలిలో ఉన్నంతసేపు సరంగు కళ్ళు దాని మీదనుంచి కదలకూడదు. ఆకాశం విరిగి పడ్డా సరే. మరి మధ్యలో ఇంకో స్లింగు కావలసి వస్తే? స్లింగంటే ఇనుప తీగల తాడు, రెండు చివర్లా కన్నులుంటాయి. బరువు ఎత్తేది దాంతోనే. అవన్నీ వెనక షెడ్డు గోడకి వరసగా కొక్కేలకి వేలాడేవి. సరంగు వెనక్కి తిరగడు. బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపించి ‘అది’ అంటాడు. జతగాడు వెళ్ళి తెస్తాడు. ఆ వేలు ఏ కొక్కేనికి సూటిగా ఉందో దూరంగా నా ఫిట్టింగు షాపులో కూర్చున్న నాకు తెలిసేది కాదు, అతనికి తెలిసేది.

ఆ కొక్కేలలో చిట్టచివరిది వేరు. లోపలి తీగలు తెగిన స్లింగును దానికి తగిలించేవాళ్ళు. పైకి మంచిదానిలాగే కనిపిస్తుంది. కోసి పారెయ్యరు, లారీ మీద సరుకు కదలకుండా కట్టడానికి పనికొస్తుంది కదా. ఎత్తడానికి మాత్రం ముట్టరు. ఆ చివరి కొక్కేన్ని కళాసీలు పింఛను కొక్కెం అనేవారు. ‘ఆ తాడేటైనాది’ అంటే ‘పింఛన్లోకెల్లిపోనాది’ అని జవాబు. ఎక్కడా రాసి లేదు, రంగు వెయ్యలేదు. చివరి కొక్కేనికి వేలాడుతోందంటే చాలు, అందరికీ తెలుసు.

ఇంక నా సంగతి. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఇంగ్లీషు నాకు ఓడలే నేర్పాయి. నావికులు చదివి పారేసిన పుస్తకాలు పాతకాగితాల కొట్లకి చేరేవి. అక్కణ్ణించి తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో ఆదివారం పోసి చదివాను. అలా దొరికిన వాటిలో ఒక లావుపాటి పుస్తకం మాట అంటే ఏమిటి, అది వస్తువును ఎలా పట్టుకుంటుంది అన్న విషయం మీద. అట్ట చిరిగిపోయింది కాబట్టి దాని పేరు నాకూ తెలియదు. అందులో పేర్ల గురించి ఒక అధ్యాయం. ఒకరు పెట్టిన పేరును ఇంకొకరు అందుకుని, వాళ్ళ నోటినుంచి మరొకరు అందుకుని, అలా చేతులు మారుతూ వస్తుందట, ఆ వరసే పేరుని వస్తువుకు కట్టి ఉంచుతుందట.

ఇది చదివిన రోజు నాకు ఒక ఓడ గుర్తుకొచ్చింది. ఓడ ముక్కు మీద పేరు అక్షరాలు వెల్డింగుతో ఉబ్బెత్తుగా పోస్తారు. యజమాని మారితే రంగు పూసి కొత్త పేరు రాస్తారు, పాతది రంగు కింద ఉబ్బెత్తుగా అలాగే ఉండిపోతుంది. ఆ ఓడ మా రేవుకి వచ్చిన ప్రతిసారీ ఏదో కొత్త పేరుతో వచ్చేది. సరంగు మాత్రం మొదటి పేరుతోనే పిలిచేవాడు. పేరు మారింది కదా అంటే, ‘పేరు మారితే దాని డొక్కలు మారిపోతాయేటి?’ అనేవాడు. రేవంతా అతని వెంట ఆ పాత పేరే పలికేది.

పుస్తకంలో దాని తరవాతి అధ్యాయం ఇది, అది, ఇక్కడ, ఇప్పుడు అనే మాటల మీద. ఈ మాటలకి సొంత వస్తువంటూ ఉండదు. ఎవరు, ఎక్కడ నిలబడి, దేన్ని చూపిస్తూ అన్నారో దాన్నిబట్టే అర్థం. అక్కడివరకూ ఎవరైనా చెబుతారు. వేలు ఒకదాన్ని చూపిస్తూ, మనసు ఇంకొకదాన్ని అనుకుంటూ ఉంటే ‘అది’ దేన్ని చెప్పినట్టు? అక్కడ ఆ పుస్తకం రాసినాయన మనసు వైపే మొగ్గాడు. ఈ చిక్కు ఒక మనిషి ఉద్యోగం మీదికి వస్తుందని ఆయన అనుకుని ఉండడు. నేనూ అనుకోలేదు.

కొత్తగా ఒక సేఫ్టీ ఇంజనీరు వచ్చాడు. చిన్నవాడు, పని మీద భక్తి ఉన్నవాడు, ఎండలో టోపీ తియ్యనివాడు. ఉక్కు కర్మాగారం నుంచి పెద్దలు యార్డు చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. అతను షెడ్డు కడిగించాడు, గోడకి సున్నం వేయించాడు, స్లింగులన్నీ దించి పొడవు ప్రకారం, లావు ప్రకారం సర్దించాడు. సర్దినవాళ్ళు కొత్తగా వచ్చిన కూలీలు. ఆ రోజు మా కళాసీలంతా రేవులో ఓడ మీద ఉన్నారు. ఒకే కొలత ఉన్నవి పక్కపక్కకు చేరాయి. పింఛను కొక్కెం మీది స్లింగు కూడా అలాగే దాని కొలత ఉన్నవాటి పక్కకి చేరింది. సరంగు రోజూ వాడే స్లింగు ఉండే చోటే దానికి దక్కింది. చూడ్డానికి గోడ చాలా బాగుండేది. నేనూ మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున ఒక పెద్ద మోటారుని ట్రైలరు మీంచి దించుతున్నారు. ఒక పక్క ఎత్తి పట్టారు, రెండో పక్కకి స్లింగు కావాలి. సరంగు బరువు మీంచి కళ్ళు తియ్యకుండా బొటనవేలు వెనక్కి చూపించి ‘అది’ అన్నాడు. జతగాడు తెచ్చాడు, కట్టారు, ఎత్తారు. నేను షాపులో ఉన్నాను. ముందు చప్పుడు వినిపించింది, తరవాత నిశ్శబ్దం. పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి మోటారు ట్రైలరు అంచుమీద పడి, దొర్లి, నేలమీద పగిలి ఉంది. తెగిన స్లింగు పాము కుబుసంలా పక్కన పడి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎత్తేముందు సరంగు ఎప్పటిలాగే అందరినీ దూరం జరిపించాడు కాబట్టి బతికారు. ఆ మాట మాత్రం ఏ కాగితంలోనూ ఎవరూ రాయలేదు.

సరంగుని సస్పెండు చేశారు, చార్జిషీటు వచ్చింది. వాడకూడని స్లింగును వాడమని స్పష్టమైన నోటిమాటతో ఆదేశించాడని నేరం. ఉద్యోగంలోంచి తీసెయ్యడం శిక్ష. తీసేస్తే అతని సర్వీసంతా గాలికి పోతుంది. అంతకంటే పెద్దది ఇంకోటుంది. బరువు పడేసినవాడని ముద్ర పడ్డ మనిషిని ఏ రేవులోనూ ఎవరూ మళ్ళీ సరంగు అని పిలవరు. కంపెనీ విచారణల్లో తోటి పనివాణ్ణి సాయంగా తెచ్చుకోవచ్చు. మా యార్డులో ఎవరికి చార్జిషీటొచ్చినా నా దగ్గరికే వచ్చేవారు, ఇంగ్లీషు చదవగలను కాబట్టి, కోపం ఎక్కువ కాబట్టి.

విచారణాధికారి బయటినుంచి వచ్చిన రిటైరైన ప్లీడరు. మంచివాడే. ఓపిగ్గా వినేవాడు, ఎవర్నీ ఏకవచనంలో పిలిచేవాడు కాదు. కాకపోతే చార్జిషీటులో ఉన్నదే ఆయనకి లోకం. కంపెనీ తరఫున పర్సనల్ మేనేజరు వాదించాడు. మొదటి రోజు సేఫ్టీ ఇంజనీరు సాక్ష్యం. ఆ స్లింగు పనికిరానిదని అతను చెప్పాడు. నేను లేచి, ఆ గోడ మీద స్లింగుల చోట్లు ఎవరు మార్చారని అడిగాను. మేనేజరు అడ్డొచ్చాడు. నేరం ఆదేశం గురించి, సర్దుడు గురించి కాదన్నాడు. విచారణాధికారి నా ప్రశ్న కొట్టేయించాడు. తిప్పి ఇంకోలా అడిగాను. మళ్ళీ కొట్టేయించాడు. ‘సంబంధం లేని విషయం’ అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఇంకా కోపమొచ్చింది.

ఇంక మిగిలింది ‘అది’ అన్న ఒక్క మాట. ఆ సాయంత్రం మల్కాపురంలో టీకొట్టు దగ్గర సరంగుని కూర్చోబెట్టి నా పుస్తకం సంగతి చెప్పాను. వేలు ఎటున్నా, మనసులో ఏదుందో దాన్నే ఆ మాట చెప్పినట్టు. నీ మనసులో ఉన్నది మంచి స్లింగు. కాబట్టి నువ్వు పాడైనదాన్ని తెమ్మని చెప్పనే లేదు. ఇదీ మన వాదం, దీన్ని ఎవడూ పడగొట్టలేడు అన్నాను. చాలా సంతోషంగా అన్నాను.

సరంగు టీ ఊదుకుంటూ విన్నాడు.

“నాను సెప్పింది మంచిది. మరి ఆడు తెచ్చిందేటి?”

“వేరేది.”

“అంటే ఆడు తప్పు తెచ్చినట్టు.”

నేను టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాను.

“ఆడి ఉజ్జోగం పోద్ది.”

“నీది నిలబడుతుంది కదా.”

గ్లాసు బల్లమీద పెట్టాడు. “నా ఏలు దేనికేసి ఉంటే నాను సెప్పింది అదే. ఆడు ఏలు సూసి తెచ్చేడు. నీ పుస్తకం నువ్వే దాసుకో.”

నేను చాలాసేపు పోట్లాడాను. సత్యం ఒకటుంటుందని, నువ్వు అనుకోనిదాన్ని అన్నానని ఒప్పుకోవడం అబద్ధమవుతుందని అన్నాను. అతను టీ డబ్బులిచ్చేసి వెళ్ళిపోయాడు. అంత మొండిమనిషికి సాయం వెళ్ళినందుకు నన్ను నేను తిట్టుకుంటూ ఇంటికి నడిచాను.

రెండో రోజు జతగాడి సాక్ష్యం. అతన్ని పిలిచింది కంపెనీయే. మేనేజరు లెక్క చాలా తేలికైనది. సరంగు వేలు చూపించి ‘అది’ అన్నాడు, నేను అదే తెచ్చాను అని జతగాడు చెబితే చాలు, కేసు అయిపోతుంది. వేరే ఏమైనా చెబితే తప్పు తనమీదికే వస్తుందని జతగాడికి ముందే అర్థమయ్యేలా చెప్పి ఉంచారు. అతను తలదువ్వుకుని, ఇస్త్రీచొక్కా వేసుకుని వచ్చాడు. సరంగు వైపు చూడలేదు. పని అయిపోయిందనుకున్నాను. ఇల్లూ పిల్లలూ ఉన్నవాడు, ఎవరేమనగలరు?

మేనేజరు అడిగాడు, సరంగు ఏమన్నాడని. ‘అది’ అన్నాడని చెప్పాడు. వేలు చూపించాడా? చూపించాడు. ఆ వేలు సూటిగా ఉన్న కొక్కేనికి ఉన్న స్లింగునే తెచ్చారా? తెచ్చాను. మేనేజరు కూర్చోబోయాడు.

“గానీ బావ సెప్పింది అది కాదండి,” అన్నాడు జతగాడు.

మేనేజరు మళ్ళీ నిలబడ్డాడు. మరి ఏది చెప్పాడని విచారణాధికారి అడిగాడు.

“మేం రోజూ కట్టీదండి. దాని కన్ను దగ్గర నా సేత్తో గోనిపీచు సుట్టేను. బావ ఏది అడుగుతన్నాడో నాకు తెలీదా అండి? తెలుసు. సూడకుండా తీసీసేను. తప్పు నాదండి.”

అట్ట లేని నా పుస్తకంలో ఉన్నది సరిగ్గా ఇదే. ఆ పుస్తకం గురించి నేను అతనికి ఒక్క ముక్క చెప్పలేదు. సరంగు నోట నేను పలికించాలనుకున్న వాదాన్ని అతను తన మెడకి తనే తగిలించుకున్నాడు.

మేనేజరు గొంతు పెంచి, ఈ మాటకి ఫలితం తెలుసా అని అడిగాడు. తెలుసన్నట్టు జతగాడు తలూపాడు. ఈలోగా నా పక్కన కుర్చీ కిర్రుమంది. సరంగు లేచి నిలబడ్డాడు. మాట్లాడవద్దని నేను చొక్కా పట్టుకుని లాగాను. నన్ను లెక్కచెయ్యలేదు.

“ఆడు అబద్దం సెప్తన్నాడండి. నా ఏలు సూపించినదే తెచ్చేడు. ఏలు నాది. మాట నాది.”

“నువ్వు కూకో బావ.”

“నువ్వు నోరు ముయ్యి. సాక్షానికి రమ్మన్నారా, కథలు సెప్పమన్నారా?”

“నీ మనసులో ఏటుందో నాకు తెలీదా?”

“నా మనసు సంగతి నీకెందుకురా?”

ఇద్దరూ విచారణాధికారిని మరిచిపోయారు. యార్డులో పోట్లాడుకున్నట్టే పోట్లాడుకున్నారు. ఒకడు వేలే మాట అంటాడు, ఇంకొకడు మనసే మాట అంటాడు. ఇద్దరూ తమ తమ నెత్తిమీదికే తెచ్చుకుంటున్నారు. వేలు గెలిస్తే సరంగు ఉద్యోగం పోతుంది, మనసు గెలిస్తే జతగాడిది పోతుంది. ఎవడిది వాడు పోగొట్టుకోవడానికి ఇంత పట్టుపట్టడం నేను ఏ విచారణలోనూ చూడలేదు. విచారణాధికారి బల్లమీద పెన్నుతో కొట్టి ఆపించాడు. ఇద్దరిలో ఒకరు తప్పు చేశారన్నది ఖాయం, వచ్చే వాయిదాకి తేలుస్తాను, తేలకపోతే ఇద్దరిమీదా రాయాల్సి వస్తుంది అన్నాడు. బాధగానే అన్నాడు.

బయటికి వచ్చాక ఇద్దరూ మాట్లాడుకోలేదు. చెరో వైపు నడిచారు. మర్నాటినుంచి కేరేజీలు విడివిడిగా విప్పుకున్నారు. సస్పెన్షన్లో ఉన్న సరంగు గేటు బయట చెట్టునీడన కూర్చుని తినేవాడు, జతగాడు లోపల గోడపక్కన. ఇద్దరూ సగం వదిలేసేవారు.

ఆ వాయిదాకి ముందు రోజులన్నీ నేను విచారణ గదిని తలుచుకుంటూ గడిపాను. ఏదో చూశాను, ఏమిటో తెలియడం లేదు. చివరికి దొరికింది. విచారణాధికారికి చదవడానికి వేరే కళ్ళజోడు. బల్ల నిండా కాగితాలు కాబట్టి ఆ డబ్బీ వెనక కిటికీ గట్టు మీద పెట్టుకునేవాడు. కావాలంటే కాగితం మీంచి తల ఎత్తకుండా చెయ్యి వెనక్కి చాపి, అటెండరుతో ‘అది ఇటివ్వు’ అనేవాడు. మా సరంగులాగే. ఇన్నాళ్ళూ నా కళ్ళముందే జరిగింది.

చివరి వాయిదాకి అందరికంటే ముందే వెళ్ళాను. ఆయన వచ్చి, డబ్బీ గట్టుమీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆయన డబ్బీ తీసి బీరువా మీద పెట్టాను. నా కళ్ళజోడు డబ్బీ గట్టుమీద పెట్టాను. రెండూ నల్లవే. అది మర్యాద గల పని కాదు, నాకు తెలుసు. రెండుసార్లు మర్యాదగా అడిగి చూశాను కదా.

అందరూ వచ్చి కూర్చున్నారు. ఆయన కాగితాలు ముందుకు లాక్కుని, చెయ్యి వెనక్కి చాపి, ‘అది ఇటివ్వు’ అన్నాడు. అటెండరు గట్టుమీది డబ్బీ చేతిలో పెట్టాడు. తెరిచి, పెట్టుకుని, చదవబోయాడు. కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు, దూరం పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు డబ్బీ వైపు చూశాడు.

“ఇవి నావి కావు,” అన్నాడు. వెనక్కి తిరిగి ఖాళీ గట్టు చూశాడు. “ఇక్కడ పెట్టిన నా కళ్ళజోడు ఎవరు తీశారు?”

అటెండర్ని తిట్టలేదు. తన చేతిని తిట్టుకోలేదు. నేను కోరుకున్న మాటే ఆయన నోటికి వచ్చింది. నేను లేచాను.

“నేనే తీశానండి. బీరువా మీద ఉంది. నాకేం శిక్ష వేసినా పడతాను. కానీ ఇప్పుడు మీరడిగిన ప్రశ్న రాయించండి. నేను రెండుసార్లు అడిగితే మీరు రెండుసార్లు కొట్టేయించిన ప్రశ్న అదే.”

మేనేజరు లేచి, ఇది అవమానమన్నాడు, నన్నూ సస్పెండు చెయ్యాలన్నాడు, ఇంకా చాలా అన్నాడు. విచారణాధికారి అటెండరు చేత బీరువా మీది డబ్బీ తెప్పించుకున్నాడు. తన కళ్ళజోడు పెట్టుకుని, నాది మడిచి, డబ్బీలో పెట్టి, బల్లమీదుగా నా వైపు జరిపాడు. వెనక్కి తిరిగి కిటికీ గట్టు మరోసారి చూశాడు. పక్కన సరంగు నోరు తెరుచుకుని నన్ను చూస్తున్నాడు.

“ఆ గోడమీద స్లింగులు సర్దించినవారిని పిలవండి,” అన్నాడు విచారణాధికారి.

సేఫ్టీ ఇంజనీరు టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. అడిగిన వెంటనే చెప్పాడు, నేనే సర్దించానండి, కొలతల ప్రకారం సర్దించానని. చివరి కొక్కేనికి ఒక అర్థం ఉందని తెలుసా అంటే తెలియదన్నాడు. బరువు గాలిలో ఉండగా సరంగు వెనక్కి తిరగడని తెలుసా అంటే, అదీ తెలియదన్నాడు. కాస్త ఆగి, ఎవరూ అడగకుండానే ఇంకో మాట అన్నాడు. “గోడ ముట్టుకునేముందు వీళ్ళని అడగాల్సింది సార్. అక్కడ ఏమీ రాసి లేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాను.” తన ఉద్యోగం కొత్తది, ఆ మాటతో ఏం వస్తుందో అతనికీ తెలుసు. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ కుర్రవాడి మీద నాకు గౌరవం అందుకే.

తీర్పు మూడు నాలుగు వాక్యాల్లో ఉంది. వేలికీ మనసుకీ మధ్య అన్నాళ్ళూ తేడా రాకుండా చూసింది ఆ గోడేనని, గోడ మారిందని ఇద్దరికీ ఎవరూ చెప్పలేదని, నేరం ఎవరిమీదా రుజువు కాలేదని రాశాడు. నా అట్టలేని పుస్తకంలో ఆ గోడ లేదు. రాసినాయన మల్కాపురం రాలేదు మరి. మేనేజరు నా మీద పెట్టమన్న చార్జిషీటు గురించి విచారణాధికారి ఒక్క ముక్క రాయలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం నన్ను ఆపి, నా కళ్ళజోడు పవరు మార్పించుకోమని సలహా ఇచ్చాడు.

మెట్లు దిగుతుంటే సరంగు నా పక్కకొచ్చాడు.

“అంత పెద్దాయన కళ్ళజోడు దొబ్బీసినావేటి బావ నువ్వు?”

అతను నన్ను బావా అనడం అదే మొదలు. ఫిట్టర్ని కదా, నేను ‘మేస్త్రీ’నే అప్పటివరకూ.

కంపెనీ ఊరుకోలేదు. పాడైన స్లింగులన్నీ కోయించేసింది, ఆ పని మంచిదే. మిగిలినవాటికి నంబర్లు వేయించి, ఇకమీదట నంబరు పలికే అడగాలని ఆర్డరు వేసింది. సరంగు మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు ఒక గేరుబాక్సు ఎత్తుతున్నారు. నేను పని వదిలేసి షాపు గుమ్మంలో నిలబడ్డాను. సేఫ్టీ ఇంజనీరు షెడ్డు దగ్గరున్నాడు. బరువు ఒక పక్క లేచింది. సరంగు దాన్ని చూస్తూ, బొటనవేలు భుజం మీదుగా వెనక్కి తిప్పి, “ఏడు” అన్నాడు. రోజూ కట్టే స్లింగుకి వేసిన కొత్త నంబరు అది.

జతగాడు కదల్లేదు. విచారణ తరవాత వాళ్ళు ఇంకా మాట్లాడుకోలేదు.

“ఇనబడ్నేదా? ఏడు.”

“ఎవుల్ని పిలుస్తన్నావ్ నువ్వు?” అన్నాడు జతగాడు వెనకనుంచి. “తాడునా, నన్నా?”

వించి మీదివాడు నా వైపు చూశాడు. గాలిలో బరువు వేలాడుతోంది. సరంగు దాని మీంచి కళ్ళు తియ్యలేదు. 

“నిన్నే బావ,” అన్నాడు. “అది తే.”

జతగాడు గోడ దగ్గరికి వెళ్ళాడు. స్లింగు దించి, ఒక కన్ను నుంచి ఇంకో కన్ను దాకా అరచేతుల్లోంచి పోనిచ్చి, వంచి చూశాడు. ఇంతకు ముందెప్పుడూ అలా చూసేవాడు కాదు. తెచ్చి దాని చివరని, వెనక్కి చాపి ఉన్న సరంగు చేతిలో పెట్టాడు.

“సూసేవా?”

“సూసేను.”

సరంగు వెనక్కి తిరగలేదు. రెండో చెయ్యి పైకెత్తాడు, వించి కదిలింది.